నాగలి పట్టిన దేవుడు

(ఏరువాక పున్నమినాడు ఒక పఠనమందిరమున గావించిన ప్రసంగము)



నేడు ఏరువాక పున్నమి. ఊరి వెలుపల రైతులు నాగలికి పసుపు పూసి, ఎడ్లకు మ్రొక్కి, తొలిచాలు దున్నినారు. మనము నీడపట్టున గూర్చుండి పత్రికలు చదువుచున్నాము. వారి దేవుని గూర్చి నాలుగు మాటలైనను చెప్పుకొనుట మన విధి.

ఆయన బలరాముడు; హలాయుధుడు, సీరపాణి. విష్ణువు చక్రము, శివుని త్రిశూలము, ఇంద్రుని వజ్రము చంపుటకు బుట్టినవి. బలరాముని ఆయుధములు నాగలి, రోకలి. ఒకటి పండించునది, ఒకటి దంచునది. ఈ రెండును లేనిదే మన కంచములో అన్నము లేదు.

మన మాయనను కృష్ణుని యన్నగా మాత్రమే యెరుగుదుము. కల్లు ప్రియుడనియు కోపిష్ఠి యనియు నవ్వుకొందుము. పూర్వు లట్లు తలపలేదు. క్రీస్తుకు పూర్వపుదగు ఘోసుండి శాసనమున సంకర్షణుని పేరు ముందు, వాసుదేవుని పేరు వెనుక. 1970లో ఆఫ్ఘన్ దేశమున ఐఖానుమ్ త్రవ్వకములలో దొరకిన అగథోక్లీజను యవనరాజు వెండి నాణెములపై ఒకవైపు నాగలితో సంకర్షణుడు, మరియొకవైపు చక్రముతో వాసుదేవుడు. మన పల్నాటి కొండమోటు శిలాఫలకమున నరసింహునితో నిలిచిన వృష్ణివీరులలో ఆయన యున్నాడు. పూరీలో నేటికిని అన్నగారి రథమే ముందు కదలును. పిదప మురళి మనలను పరవశుల జేసినది, నాగలి వెనుకబడినది. మురళిపై మాకు ద్వేషము లేదు. ఆకలిగొన్నవానికి మాత్ర మది చాలదు.

రమ్మన్న రాని యమునను ఆయన నాగటికొనతో లాగెనని కథ. దానిని మదోన్మాదమందురు. కాలువ త్రవ్వి నీరు మళ్లించిన రైతు మాకందు గానవచ్చును. 1852లో ఆనకట్ట పూర్తియైన గోదావరి సీమవారికి దీనిని వేరే వివరింపనేల?

కురుపాండవుల పోరున ఆయన యే పక్షమును జేరక తీర్థయాత్రకు బోయెను. భీమ దుర్యోధనులిద్దరును ఆయన శిష్యులే. కాని భీముడు నియమము మీరి తొడపై గొట్టినపుడు నాగలెత్తి లేచినవాడు ఆయన. గెలుపెవరిదైనను నియమము నియమమే. న్యాయవాదులమగు మాకు ఈ ఘట్టము మిక్కిలి ప్రియము.

ఆ నియమము దున్నువాని కెట్లున్నది? 1948 చట్టముతో మద్రాసు రాష్ట్రమున జమీందారీలు పోయినవి. కౌలుదారుని దుఃఖము పోలేదు. ఆంధ్రమున 2011లో గుర్తింపు కార్డుల చట్టము వచ్చెను. 2019లో మరియొకటి వచ్చెను గాని, దానికి భూయజమాని ఒప్పందపత్రము కావలసివచ్చెను. సంతకము చేసిన భూమి పోవునని యజమానికి భయము. పత్రము లేనివానికి బ్యాంకు అప్పు లేదు, పంట పోయిన పరిహారము లేదు.

ఒక కౌలుదారుని మేము "కాగితమేదయ్యా?" యని యడుగగా, అతడు కాయలు కాచిన అరచేతులు చాచినాడు. వానిని ఏ దస్తావేజుగా దాఖలు చేయగలము? దావా పోయినది.

ఈ మందిరమున పొలములు కౌలుకిచ్చినవారు పలువురున్నారు. భయపడవలదు, కౌలుపత్రము వ్రాసినంత మాత్రమున హక్కు చేయి మారదు. ఖాళీ పత్రములు బల్లమీద నుంచినాము. తొలకరి ముదరకమున్నే సంతకములు చేయుడు. సందేహమున్నవారికి సభానంతరము మేమిక్కడనే యుందుము.