బెంచ్ మీదున్నవాళ్లు గెలిపించిన కప్పు | రాసీ, కొలిసి, రగ్బీకి ముందున్న రోజులు

ఈరోజు క్రికెట్ కాదు, కబడ్డీ కూడా కాదు. రగ్బీ. ఆగండి, అప్పుడే స్క్రోల్ చేసేయకండి. రూల్స్ క్లాస్ పెట్టను, ప్రామిస్. ఒక కోచ్ గురించి, ఒక కెప్టెన్ గురించి, వాళ్లని అంతగా ఇష్టపడటం వల్లే నాకు మొదలైన ఒక ఇబ్బంది గురించి మాట్లాడతా.

ముందు ఒక పదం. బెంచ్. హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకి ఈ పదం వింటేనే కడుపులో దేవినట్టు ఉంటుంది కదా. ప్రాజెక్ట్ అయిపోయింది, కొత్తది రాలేదు, నువ్వు బెంచ్ మీదున్నావు. జీతం పడుతుంది గానీ క్యాంటీన్‌లో కూడా తల దించుకునే తిరుగుతాం. ఇంట్లో చెప్పం. నేను మూడు నెలలు ఉన్నా, అందుకే తెలుసు. క్రికెట్‌లో కూడా అంతే, ఒక ప్లేయర్ పదకొండు మందిలో లేడంటే "అయ్యో పాపం, తీసేశారు" అంటాం.

ఈ పదానికి అర్థమే మార్చేసిన మనిషి రాసీ ఎరాస్మస్. సౌతాఫ్రికా రగ్బీ టీమ్ కోచ్. ఆ టీమ్‌ని స్ప్రింగ్‌బాక్స్ అంటారు. తెలుగోడికి స్ప్రింగ్‌బాక్స్ పిచ్చి ఎలా పట్టిందీ అంటే, సన్‌రైజర్స్ వల్ల. మన ఆరెంజ్ ఆర్మీకి అక్కడొక తమ్ముడు టీమ్ ఉంది, సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్. ఎస్ఏ20 లీగ్‌లో 2023, 2024 రెండుసార్లూ కప్పు వాళ్లదే. వాళ్ల హోమ్ గ్రౌండ్ పోర్ట్ ఎలిజబెత్‌లో, ఇప్పుడు ఆ ఊరి పేరు గెబేర్హా. ఆ ఊరి గురించి చదువుతుంటే సియా కొలిసి అనే పేరు తగిలింది. అంతే, అక్కణ్నుంచి ఇక్కడిదాకా వచ్చా.

కొలిసి పుట్టింది ఆ ఊరి పక్కనే ఉన్న జ్విడే అనే టౌన్‌షిప్‌లో, 1991 జూన్ 16న. వర్ణవివక్ష చట్టాలు ఒక్కొక్కటిగా రద్దవుతున్న రోజులవి. పెంచింది నానమ్మ. బొమ్మ కారు కొనే స్తోమత లేక ఇటుకరాయినే కారు చేసుకుని ఆడుకున్న పిల్లాడు. 12 ఏళ్లప్పుడు స్కాలర్‌షిప్ వచ్చి పెద్ద స్కూల్లో చేరాడు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆ దేశంలో చాలాకాలం రగ్బీ అంటే తెల్లవాళ్ల ఆట, స్ప్రింగ్‌బాక్ జెర్సీ అంటే నల్లవాళ్లకి తమని తొక్కినవాళ్ల గుర్తు. 1995 వరల్డ్ కప్ ఫైనల్‌కి మండేలా అదే జెర్సీ, 6వ నంబర్‌ది, వేసుకుని గ్రౌండ్‌లోకి వచ్చాడంటే ఎందుకంత పెద్ద వార్త అయిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆరోజు ఆడిన పదిహేను మందిలో తెల్లవాడు కానివాడు ఒక్కడే, చెస్టర్ విలియమ్స్.

ఇప్పుడు 2018కి వద్దాం. టీమ్ పరిస్థితి ఘోరం. 2016లో ఇటలీ చేతిలో ఓడారు, చరిత్రలో మొదటిసారి. 2017లో న్యూజిలాండ్ మీద 57-0. అవును, సున్నా. అలాంటప్పుడు రాసీ కోచ్‌గా వచ్చి, కొలిసిని కెప్టెన్ చేశాడు. టెస్ట్ మ్యాచ్‌ల్లో స్ప్రింగ్‌బాక్స్‌కి మొదటి నల్లజాతి కెప్టెన్. "ఇది ఆటా, రాజకీయమా" అని గొణిగినవాళ్లు గొణిగారు. కెప్టెన్‌గా మొదటి మ్యాచ్ జొహానెస్‌బర్గ్‌లో ఇంగ్లండ్ మీద. కాసేపట్లోనే స్కోరు 24-3, వెనకపడింది వీళ్లే. మన వాట్సాప్ గ్రూపుల్లో అయితే ఆ పాటికి "టీవీ కట్టేయండ్రా" అని వచ్చేసేది. చివరికి 42-39, సౌతాఫ్రికా గెలిచింది. ఏడాదిన్నర తిరక్కుండానే, 2019 నవంబర్‌లో జపాన్‌లో వరల్డ్ కప్. ఫైనల్లో ఇంగ్లండ్‌ని 32-12తో కొట్టారు.

ఆ ఫైనల్ అయ్యాక ప్రెజర్ గురించి రాసీ చెప్పింది నాకు చాలా నచ్చింది. సౌతాఫ్రికాలో ప్రెజర్ అంటే ఉద్యోగం లేకపోవడం, సొంతవాళ్లు హత్యకి గురవడం, రగ్బీ ప్రెజర్ కాదు, జనానికి ఆశ ఇచ్చే అవకాశం అని. వినడానికి వాట్సాప్ స్టేటస్‌లా ఉందని నాకు తెలుసు. కానీ ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో ఇలాంటి బతుకులు నిజంగానే ఉన్నాయి. ఆ ఫైనల్లో మొదటి ట్రై చేసిన మకజోలె మపింపి అమ్మనీ, తోబుట్టువులనీ పోగొట్టుకున్నవాడు.

సరే, ఇప్పుడు బెంచ్. రగ్బీలో 15 మంది ఆడతారు. 8 మంది ఫార్వర్డ్స్, అంటే బరువైనవాళ్లు, తోసేవాళ్లు. 7 మంది బ్యాక్స్, అంటే పరిగెత్తేవాళ్లు. బెంచ్ మీద ఇంకో 8 మంది. మామూలుగా అందులో 5 ఫార్వర్డ్స్, 3 బ్యాక్స్ పెట్టుకుంటారు, ఎవరికి దెబ్బ తగిలినా సరిపోయేలా. రాసీ 6-2 పెట్టాడు. బరువైనవాళ్లు ఆరుగురు. ఆటలో స్క్రమ్ అని ఉంటుంది, రెండువైపులా ఎనిమిదేసి మంది తలలు దూర్చి ఒకళ్లనొకళ్లు తోసుకోవడం. ఒక్కో వైపు దాదాపు 900 కిలోలు. 50 నిమిషాలు అలా తోసి అలిసిపోయినవాడి ముందుకి ఒక ఫ్రెష్ 120 కిలోల మనిషి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ బెంచ్ బ్యాచ్‌కి పేరు కూడా పడిపోయింది, బాంబ్ స్క్వాడ్.

ఇందులో ప్లాన్ కంటే నాకు గొప్పగా అనిపించేది వేరే ఉంది. 2019లో బెంచ్ నుంచి వచ్చిన మాల్కమ్ మార్క్స్, స్టీవెన్ కిట్‌షాఫ్ ఇద్దరూ ప్రపంచంలో ఏ టీమ్‌లోనైనా మొదటి పదిహేనులో ఉండే ప్లేయర్స్. అలాంటివాళ్లని "నువ్వు కూర్చో, నీ టైమ్ వచ్చాక పంపిస్తా" అంటే ఇగో హర్ట్ అవ్వదా? అవ్వకుండా చూశాడు. ముందు ఆడేవాడు గొప్ప, తర్వాత వచ్చేవాడు తక్కువ అనే లెక్కనే తీసేశాడు. మొదటి బ్యాచ్ పని మ్యాచ్‌ని మెత్తబరచడం, రెండో బ్యాచ్ పని ముగించడం. రెండూ ఒకే స్థాయి డ్యూటీలు. ఆఖరికి కెప్టెన్ కొలిసిని కూడా చాలా మ్యాచ్‌ల్లో మధ్యలోనే దించేస్తారు. అతను చప్పట్లు కొట్టుకుంటూ బయటికొచ్చి, పక్కన నిలబడి అరుస్తూ ఉంటాడు. మన దగ్గర ఒక స్టార్ కెప్టెన్‌ని మ్యాచ్ మధ్యలో కూర్చోమనండి చూద్దాం. సాయంత్రానికి ట్విట్టర్ తగలబడిపోతుంది. నాకైతే కొలిసి లీడర్‌షిప్ అంతా అక్కడే కనిపిస్తుంది. మైక్ ముందు ఎంత బాగా మాట్లాడతాడన్నది నాకు ముఖ్యం కాదు, తను గ్రౌండ్‌లో లేని ఇరవై నిమిషాలు కూడా టీమ్ తనదే అనుకుంటాడు చూడండి, అది.

2023 ఫైనల్. పారిస్‌లో, న్యూజిలాండ్‌తో. మనకి రాత్రి పన్నెండున్నరకి మొదలైంది. మర్నాడు లక్నోలో ఇండియా-ఇంగ్లండ్ క్రికెట్ మ్యాచ్ ఉంది కాబట్టి దేశమంతా నిద్రపోతోంది, నేనొక్కణ్నే మేలుకున్నట్టు అనిపించింది. అప్పటికి హెడ్ కోచ్ జాక్ నీనాబర్, రాసీ పైనుంచి చూసుకునే డైరెక్టర్. బెంచ్ ఈసారి 7-1. ఒకే ఒక్క బ్యాక్! పరిగెత్తేవాళ్లలో ఇద్దరికి దెబ్బ తగిలితే కథ కంచికే. సెలెక్షన్ కాదు అది, జూదం.

జూదానికి దెబ్బ వెంటనే తగిలింది, కానీ వేరే వైపు నుంచి. మొదటి మూడు నాలుగు నిమిషాల్లోనే హుకర్ బోంగి ఎంబోనాంబి గాయంతో బయటికి. హుకర్ అంటే స్క్రమ్‌లో మధ్యలో ఉండేవాడు, బయటినుంచి బాల్ విసిరేది కూడా అతనే. అసలు రెండో హుకర్ మాల్కమ్ మార్క్స్ అప్పటికే గాయపడి టోర్నీకి దూరం. బెంచ్ మీదున్నది డియాన్ ఫౌరీ, 37 ఏళ్లు, ప్రధానంగా వేరే పొజిషన్ ఆడే మనిషి. దాదాపు మ్యాచ్ మొత్తం అతనే లాగాడు. విసరడంలో తడబడ్డాడు, స్క్రమ్‌లో నలిగాడు, కానీ నిలబడ్డాడు. న్యూజిలాండ్ కెప్టెన్ సామ్ కేన్‌కి రెడ్ కార్డ్, మగాళ్ల వరల్డ్ కప్ ఫైనల్స్‌లో అదే మొదటిది. కొలిసికి ఎల్లో. చివర్లో చెస్లిన్ కోల్బీకి కూడా ఎల్లో, పాపం జెర్సీ మొహం మీదికి లాక్కుని కూర్చున్నాడు, మ్యాచ్ చూడలేక. స్కోరు 12-11. ఆ పన్నెండూ హాండ్రే పొలార్డ్ కిక్కులే. క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్‌ని 29-28, సెమీస్‌లో ఇంగ్లండ్‌ని 16-15. మూడు మ్యాచ్‌లు, మూడూ ఒక్కో పాయింట్ తేడా. పక్క ఫ్లాట్ అంకుల్ పొద్దున్నే "రాత్రి ఎవరితో బాబూ గొడవ?" అని అడిగాడు.

ఇక్కడిదాకా ఫ్యాన్ మాట్లాడాడు. ఇక నా ఇబ్బంది.

మొదటిది చిన్నది. 2021లో లయన్స్ టీమ్‌తో సిరీస్ మొదటి మ్యాచ్ ఓడాక, రిఫరీ నిక్ బెర్రీ తప్పులు ఇవీ అంటూ రాసీ 62 నిమిషాల వీడియో చేశాడు. 62 నిమిషాలు! నా వీడియో పన్నెండు దాటితేనే సగం మంది వెళ్లిపోతారు. అది ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది, రాసీ మీద బ్యాన్ పడింది. కొందరు ఫ్యాన్స్‌కి అది హీరోయిజం. నాకు కాదు. తన కుర్రాళ్లలో ఒక్కడిని కూడా చులకన కానివ్వని కోచ్, రిఫరీ కూడా ఒక మనిషే అన్నది వదిలేశాడు. దాని తర్వాత రెండేళ్లకి, 2023 ఫైనల్ చేసిన రిఫరీ వేన్ బార్న్స్‌కీ, అతని ఇంట్లోవాళ్లకీ బెదిరింపులు. వీడియో రిఫరీ టామ్ ఫోలీ ఇంటర్నేషనల్ మ్యాచ్‌లకి దూరం జరిగాడు. ఆ రెండో గొడవకి రాసీ కారణం అనట్లేదు. కానీ పెద్దవాళ్లు వేలు చూపిస్తే కిందవాళ్లు రాయి విసురుతారు, మన ఫ్యాన్ వార్స్ చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండోది పెద్దది. స్టీవ్ థాంప్సన్ అనే ఇంగ్లండ్ హుకర్, 2003లో వరల్డ్ కప్ గెలిచాడు. 2020లో, 42 ఏళ్లకే, తనకి డిమెన్షియా మొదలైందని బయటపెట్టాడు. ఆ కప్పు గెలిచిన మ్యాచ్‌లు ఆడినట్టు కూడా గుర్తులేదన్నాడు. ఏళ్ల తరబడి తలకి తగిలిన దెబ్బలు. అతనొక్కడే కాదు, చాలామంది మాజీ ప్లేయర్స్ కోర్టుకెళ్లారు. ఇప్పుడు నా బాంబ్ స్క్వాడ్‌ని ఒకసారి ఆ వైపునుంచి చూడండి. 55వ నిమిషంలో కాళ్లు లాగేస్తున్న మనిషి మీదికి, బెంచ్ నుంచి ఊపిరి నిండా పీల్చుకుని వచ్చిన మనిషి గుద్దుతాడు. నేను సోఫాలో లేచి నిలబడి చప్పట్లు కొట్టే క్షణం సరిగ్గా అదే.

1990ల మధ్యదాకా ఇంటర్నేషనల్ రగ్బీలో గాయమైతేనే మనిషిని మార్చనిచ్చేవాళ్లు. 2021లో విల్లీ జాన్ మెక్‌బ్రైడ్, ఇయాన్ మెక్‌గీకన్ లాంటి పాతతరం పెద్దలు మళ్లీ దాదాపు అలాగే చెయ్యమని వరల్డ్ రగ్బీకి బహిరంగంగా లేఖ రాశారు. దీనికి అవతలి వాదన కూడా ఉంది. అలిసిపోయినవాడు వంగలేక నిటారుగానే ట్యాకిల్ చేస్తాడు, అప్పుడే తలకి తల తగులుతుంది, కాబట్టి మార్చడమే మంచిది అని. ఇది తీసిపారేసే మాటేం కాదు. కబడ్డీ ఆడినవాళ్లకి తెలుసు, ఆఖరి నిమిషాల్లో కాలు పట్టు పట్టడానికి వంగలేక మీద పడిపోతాం.

నన్నడిగితే, బెంచ్ మీద ఎనిమిది మందినీ ఉంచండి. అందులో నలుగురినే కోచ్ ఇష్టప్రకారం దించాలి, మిగతా నలుగురు డాక్టర్ చెబితేనే. నా టీమ్ బలమే దీంతో సగం పోతుంది, తెలుసు. అయినా రాసీ ఊరుకుంటాడా, నెల తిరక్కుండా ఇంకో సందు వెతుకుతాడు. ఆ తెలివి కోసమే కదా చూసేది.

కొన్ని మార్పులు వస్తున్నాయి కూడా. 2024 నుంచి టాప్ లెవెల్లో స్మార్ట్ మౌత్‌గార్డ్స్ వచ్చాయి. పళ్లకి పెట్టుకునే దాంట్లోనే సెన్సర్, తలకి గట్టి కుదుపు తగిలితే గ్రౌండ్ పక్కనున్న డాక్టర్‌కి అలర్ట్ వెళ్తుంది. సర్వర్‌కి అలర్ట్ పెట్టినట్టే అన్నమాట. తేడా ఏంటంటే సర్వర్ "నాకేం కాలేదు, ఆడతా" అని అబద్ధం చెప్పదు, ప్లేయర్ చెబుతాడు. అందుకే నిర్ణయం అతని చేతిలోంచి తీసేయడం నాకు నచ్చింది. ఇంగ్లండ్‌లో 2023 నుంచి కింది స్థాయి మ్యాచ్‌ల్లో ట్యాకిల్ ఛాతీ కిందికే ఉండాలన్నారు. మొదట నడుము కిందికే అన్నారు, జనం గోల చేస్తే కాస్త పైకి జరిపారు.

ఇదంతా ఎక్కడో సౌతాఫ్రికా గొడవ, మనకెందుకు అనుకోకండి. 2025 జూన్‌లో ముంబైలో మొదటిసారి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. ఏడుగురేసి ఆడే ఫార్మాట్, ఆరు టీమ్‌లు, అందులో హైదరాబాద్ హీరోస్ ఒకటి. అది చూసి మా అక్క కొడుకు, ఏడో క్లాస్ వాడు, "మామా, నేనూ ఆడతా, చేర్పించు" అని పట్టుకున్నాడు. మా అక్కేమో నావైపు చూస్తుంది, "నువ్వే కదా ఎక్కించావు, నువ్వే చెప్పు" అన్నట్టు. వాడికి ట్యాకిల్ లేని ట్యాగ్ రగ్బీ చెప్పా. నడుముకి రిబ్బన్లు కట్టుకుంటారు, రిబ్బన్ లాగితే ట్యాకిల్ అయినట్టు. వాడికి అస్సలు నచ్చలేదు, "అది చిన్నపిల్లల ఆట" అన్నాడు. పదహారేళ్లు రానీ, అప్పుడు మాట్లాడదాం అన్నా. అప్పటికి రూల్స్ ఎక్కడికి చేరతాయో చూడాలి.

తర్వాతి వరల్డ్ కప్ 2027 అక్టోబర్ 1న ఆస్ట్రేలియాలో మొదలవుతుంది. ఈసారి 20 కాదు, 24 టీమ్‌లు. అక్కడి మ్యాచ్‌లంటే మనకి మధ్యాహ్నం, సాయంత్రం టైముల్లో ఉంటాయి కాబట్టి పక్క ఫ్లాట్ అంకుల్‌కి ఈసారి నిద్ర గ్యారంటీ. మీ ఇంట్లో పిల్లాడు అడిగితే మీరైతే ఏం చెబుతారు, పంపిస్తారా? కింద రాయండి, అన్నీ చదువుతా. బై.