ఎప్పుడు ఆగుతోంది బండి?

కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 ఊరికే ఆగిపోతోందా? సామాన్లు కొనేముందు ఎప్పుడు ఆగుతోందో గమనించండి. మెకానిక్‌కి కావలసింది అదే.

యాక్సిలరేటర్ తొక్కితే బాగానే నడిచి, సిగ్నల్ దగ్గర కాలు తీయగానే ఆగితే అనుమానం కార్బురేటర్‌లోని ఐడిల్ జెట్ మీద, లేదా పగిలిన వాక్యూమ్ పైపు మీద. జెట్‌లోని రంధ్రం చాలా సన్నం. ట్యాంకులోంచి ఒక్క తుప్పురేణువు వచ్చినా మూసుకుపోతుంది. క్లీనర్ కొట్టి గాలి పట్టించండి. పిన్నీసుతో మాత్రం పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తెగ తాగుతుంది.

వేగంలో గుంజుకుంటూ ఆగితే పెట్రోలు అందడం లేదన్నమాట. ఫిల్టరు, పంపు చూడాలి. ట్యాంకు మూత తీయగానే హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆపైన బండి మామూలుగా నడిస్తే, మూతలోని గాలిరంధ్రం పూడిందని అర్థం.

ఏ సూచనా లేకుండా, స్విచ్ కట్టేసినట్టు ఠక్కున ఆగితే కాయిల్, డిస్ట్రిబ్యూటర్, వదులైన వైర్లు చూడాలి. వీటిలో కాయిల్ మహా టక్కరిది. వేడెక్కితే మొరాయిస్తుంది, చల్లారితే పనిచేస్తుంది. షెడ్డుకు తోసుకెళ్లేసరికి ఏ లోపమూ కనబడదు. అందుకే ఆగిన చోటే, వేడి మీదే ప్లగ్గులో స్పార్క్ వస్తోందో లేదో చూపించుకోవాలి. ఆ పని చేసేటప్పుడు చుట్టుపక్కల పెట్రోలు చింది ఉండకూడదు.