అద్దము వెనుక రంగులు
(రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



తెలుగువారికి రేపల్లె యనగా కృష్ణుడు పెరిగిన గోకులము. కృష్ణానది సముద్రమున కలియు చోటికి చేరువనున్న ఈ రేపల్లెకును అదే పేరు. ఆ వెన్నదొంగ బొమ్మను గాజుపలక వెనుక చిత్రించి పూజగదిలో నిలుపు ఆచారము దక్షిణదేశమున చాలకాలము సాగినది. ఈ విద్య పదునెనిమిదవ శతాబ్దిలో చీనా వర్తకముతో మన దేశమునకు వచ్చెను. తంజావూరు చిత్రకారులు దానిని దేవతామూర్తులకు వినియోగించిరి. 1894లో రవివర్మ అచ్చుకూటము వెలసి, చౌక రంగుపటములు ఇంటింటికి చేరసాగిన పిదప గాజుచిత్రము వెనుకబడెను.

నేడు ఆ విద్యయే రూపు మార్చుకొని మరల ఇండ్లకు వచ్చినది. తలుపులకు, అలమరలకు, వంటింటి గోడలకు రంగు చల్లిన గాజుపలకలు అమర్చుచున్నారు. కుంచె పోయి స్ప్రేగన్ను వచ్చినది గాని సూత్రము మారలేదు. గోడపై చిత్రకారుడు ముందు నేలరంగు పూసి, పిదప బొమ్మ గీసి, కట్టకడపట కన్ను దిద్దును. గాజు వెనుక ఇది తలక్రిందులు. ముందు కన్నును నగలును, తరువాత మేనిచాయ, చివరకు నేలరంగు. స్ప్రేపనియందును స్టెన్సిలు అంటించి పూవును ముందు చల్లి, నేలను కడపట చల్లుదురు. మొదటి పొరలోని తప్పును పైపొరలు కప్పలేవు. చూపరికి ముందుగా కనబడునది అదియే.

గాజు రంగును పీల్చుకొనదు. బొటనవ్రేలి చెమట అంటినను చాలు, అచట రంగు పట్టు విడుచును. కనుక స్పిరిటుతో తుడిచి, మొదటి పొరను మంచువలె పలుచగా చల్లి, ఆరనిచ్చి, మరల చల్లవలెను.

ఈ ప్రాంతమున పనివానికి అసలు శత్రువు గాలిలోని తేమ. త్వరగా ఆరు నైట్రోసెల్యులోజు లాకరునందు తిన్నరు వేగముగా ఆవిరియై పొరను చల్లబరచును. ఆ చల్లదనమునకు గాలిలోని నీరు దానిపై చేరి, రంగు బూజుపట్టినట్లు తెల్లబారును. నెమ్మదిగా ఆరు తిన్నరు వాడుటయు, పొడి పగటికై వేచియుండుటయు దీనికి విరుగుడు. కాని శ్రావణమున గృహప్రవేశములు మెండు, ముసురును మెండే. ముహూర్తమునకు ముందునాటికి పలక కావలెనని గృహస్థు పట్టుబట్టును, పనివాడు కాదనలేడు. రెండు డబ్బాలు కలిపి చల్లు పాలీయూరిథేను రంగు కొన్ని గంటలలో చేతికి అంటకున్నను, పూర్తిగా గట్టిపడుటకు కొన్ని దినములు పట్టును. పచ్చిరంగుపై బంక పూసి, తడి గోడకు అతికించిన పలక పెచ్చులూడినచో తప్పు ఎవరిది? పనివానిది మాత్రము కాదు. బంకయందును భేదము కలదు: పులిసిన కాడివాసన వేయు సిలికాను రంగును చెరుపవచ్చును, ఆ వాసనలేని రకమును వాడుట మేలు.

తలుపులకు టఫెన్డు గాజు తగినది. పగిలినను అది కత్తులవంటి ముక్కలు గాక చిన్నచిన్న గుళ్లగా రాలును. కాని ఒకసారి గట్టిపరచిన పిదప దానిని కోయరాదు, తొలువరాదు. తాళపు రంధ్రము ముందే నిర్ణయించుకొనవలెను.

స్ప్రేగన్ను పుట్టుక చిత్రమైనది. అమెరికాలోని టొలీడో నగరమున డెవిల్బిస్ అను వైద్యుడు రోగుల గొంతులో మందు చల్లుటకు 1880ల చివర తుంపర పరికరమును చేసెను. ఆయన కుమారుడు దానిని రంగుపనికి మలచెను. గొంతు మాన్పుటకు పుట్టిన పనిముట్టు నేడు ఏమరినచో ఊపిరితిత్తులను చెరచును! ఆ రెండవ డబ్బాలోని ఐసోసయనేటులు ఉబ్బసము తెచ్చును. ఒకసారి ఆ జబ్బు పట్టినవానికి పిమ్మట కొద్దిపాటి తుంపరయు పడదు. ముఖమునకు తుండుగుడ్డ చుట్టుకొనుట దీనికి రక్ష కాదు. శుభ్రమైన గాలిని గొట్టముద్వారా అందించు ముసుగు కావలెను. అది ఖరీదైనది. చదరపుటడుగు ధరకై గీచిగీచి బేరమాడు గృహస్థు ఆ ఖర్చును కూడ లెక్కలో వేయుట న్యాయము. పలకలను ఇంటి వసారాలో, పసిపిల్లలు నిద్రించు గది ప్రక్కన చల్లనీయక, గాలిని బయటికి లాగు పంకాగల పనిశాలలోనే చల్లించి, వాసన పూర్తిగా పోయిన తరువాత ఇంటికి తెప్పించుకొనవలెను.