నది దాటిన ఉత్తరము

ఆదిలాబాదు సీమకు ఉత్తరమున పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత పారుచున్నవి. ప్రాణహిత దాటిన చాందా సీమ. ఏటి కీవల అన్న, ఆవల చెల్లెలు కాపురముండుట మన మెరుగనిది గాదు. వారి నడుమ పడవ సులువుగా పోయెడిది. ఉత్తరమున కంతటి సులువు లేకుండెను.

నిజాము ప్రభుత్వము 1869లో తన తపాలా బిళ్ళలను వెలువరించినది. 1871 నాటి బిళ్ళలపై తెలుగు అక్షరములును గలవు. కాని ఆ బిళ్ళ సంస్థానపు హద్దులలోనే చెల్లెడిది. హద్దు దాటు జాబునకు బ్రిటిషిండియా బిళ్ళ కావలసియుండెను. నాణెమును వేరే: ఇచట హాలీ సిక్కా, అచట కల్దారు. 1950 ఏప్రిల్ 1న ఈ తపాలా భారత తపాలాలో లీనమైనది. అప్పటినుండి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల జాబు ఒక్క బిళ్ళతో దేశమంతయు తిరుగుచున్నది.

ఇట్టి చిక్కే ఒకప్పుడు దేశదేశముల నడుమను ఉండెను. 1874 అక్టోబరు 9న బెర్న్ నగరమున 22 దేశములు కూడి, తామందరును ఒక్క తపాలా సీమయని ఒడంబడిక చేసికొన్నవి. పంపిన దేశము బిళ్ళ రుసుమును తానుంచుకొనును. అందుకొనిన దేశము జాబును ఇల్లు చేర్చును. భారతదేశము 1876లో అందు చేరినది. రాకపోకలు సరితూగనందున, 1971 నుండి అందుకొను దేశమునకు కొంత ప్రతిఫలము ముట్టుచున్నది.

మన ప్రాంతపు దేశములకు 1962 నుండి వేరొక సమాఖ్యయు గలదు. నేడు దాని పేరు ఆసియా పసిఫిక్ తపాలా సమాఖ్య. దాని కార్యాలయము, తపాలా ఉద్యోగులకు శిక్షణనిచ్చు కళాశాల బ్యాంకాకులో నున్నవి. 2023 జనవరిలో వినయ ప్రకాశ్ సింగ్ అను భారతీయుడు దాని ఆధిపత్యము స్వీకరించిరి.

ఈ ఒడంబడికలు మనకేల యని కొందరడుగవచ్చును. కరీంనగరు పల్లెలనుండి ఎందరో గల్ఫు దేశములకు పనికి పోయిరి. ఇంటింట టెలిఫోను లేని దినములలో, కొడుకు క్షేమము తల్లికి తెలిపినది ఆ విమానపు జాబే గదా!

ఒడంబడిక సడలిన నేమగునో ఇటీవలనే చూచితిమి. అమెరికా సుంకపు నిబంధనలు మారగా, 2025 ఆగస్టు 25 నుండి మన తపాలా శాఖ ఆ దేశమునకు పార్సెళ్ళను నిలిపివేసినది. మరల అక్టోబరు 15న గాని ఆరంభింపలేదు. ఆ యేటి బతుకమ్మయు, దసరాయు ఆ నడుమనే గడచిపోయినవి. విమానములున్నవి, ఓడలున్నవి, తపాలా బంట్రోతులున్నారు. సుంకమెవరు వసూలు చేయవలెనో తేలకపోవుటయే అడ్డము.

నదికి పడవ చాలును. హద్దునకు మాత్రము ఇరువైపులవారి మాట కలియవలెను. ఆ మాటను నిలుపుకొనుట మన తపాలాలకెల్ల మొదటి పని.