మా అక్క డెంటల్ క్లినిక్‌కి నేను చేసిన మార్కెటింగ్: ఎక్కడ తప్పు చేశా, ఏది పనిచేసింది

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్. మొన్నొక వీడియోలో "మా అక్క డెంటిస్ట్, తన క్లినిక్ మార్కెటింగ్ నేనే చూసుకుంటా" అని మాటవరసకి అన్నాను. అప్పటి నుంచి బీడీఎస్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, క్లినిక్ పెడితే పేషెంట్లు ఎలా వస్తారు?" అని. సరే, చెప్తా. కానీ ముందు నేను చేసిన తప్పులు చెప్పాలి. ఎందుకంటే వాటి వల్ల ఒకాయన పన్ను పోయింది.

మా అక్కది మిర్యాలగూడలో చిన్న క్లినిక్. ఒక డెంటల్ చెయిర్, ఒక అసిస్టెంట్, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి. అంతే. నేనేమో బీటెక్ కంప్యూటర్స్. నాలుగేళ్ళు హైటెక్ సిటీలో కోడింగ్ చేసి, తర్వాత వీడియోల్లోకి వచ్చాను. కాబట్టి అక్క "పేషెంట్లు తక్కువగా వస్తున్నార్రా" అనగానే నాకు తోచింది ఒక్కటే. యాడ్స్!

వారంలో పోస్టర్లు రెడీ. "చెకప్ ఫ్రీ, క్లీనింగ్ సగం ధరకే." ఇంకొకటి, "పెళ్ళికి ముందు పళ్ళ మచ్చలు మాయం." దాని మీద గూగుల్‌లో ఫైవ్ స్టార్ ఇచ్చిన వాళ్ళకి టూత్‌బ్రష్ కిట్ ఫ్రీ. అక్కకి పోస్టర్లు సరిగ్గా చూపించను కూడా లేదు. "నువ్వు ట్రీట్‌మెంట్ చూసుకో, ఇది నాకు వదిలెయ్" అన్నాను.

జనం వచ్చారు. మామూలుగా కాదు, శనివారం మెట్ల మీద కూడా కూర్చున్నారు. నేను ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నా.

సాయంత్రం ఏడింటికి అసిస్టెంట్ లోపలికి వచ్చి మెల్లగా అడిగింది: "మేడమ్, హ్యాండ్‌పీస్‌లు అయిపోయినయ్. స్పిరిట్‌తో తుడిచి ఇచ్చెయ్యనా?" అని.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్తా. పన్ను డ్రిల్ చేసే పరికరాన్ని హ్యాండ్‌పీస్ అంటారు. అది రక్తం, లాలాజలం తగిలే వస్తువు. ఒక పేషెంట్‌కి వాడాక శుభ్రం చేసి, పౌచ్‌లో పెట్టి, ఆటోక్లేవ్‌లో వేయాలి. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలకు పైనే, 134 డిగ్రీల దగ్గరైతే 3 నిమిషాలకు పైనే ఆవిరిలో ఉంచాలి. వేడెక్కడం, ఆరడం కలుపుకుంటే ఇంకా టైం పడుతుంది. పైపైన తుడిస్తే లోపలి గొట్టాల్లో ఉన్నది పోదు. అంటే ఆ క్లినిక్ రోజుకి ఎంతమందిని చూడగలదు అనేది నా పోస్టర్ డిసైడ్ చేయదు. ఆ హ్యాండ్‌పీస్‌లు ఎన్ని సెట్లున్నాయి అనేది డిసైడ్ చేస్తుంది. సర్వర్ కెపాసిటీ చూడకుండా ట్రాఫిక్ పంపకూడదని ఆఫీసులో నేనే అందరికీ క్లాస్ పీకేవాడిని. ఇక్కడ అదే తప్పు నేను చేశా.

అక్క ఒప్పుకోలేదు. బయటికి వచ్చి, మిగిలిన వాళ్ళందరికీ దండం పెట్టి, రేపు రమ్మంది. కొందరు తిట్టుకుంటూ వెళ్ళారు. ఆ రాత్రి అక్క నా పోస్టర్లు మొదటిసారి పూర్తిగా చదివింది. "ఏం రాసినవ్‌రా ఇది? నా రిజిస్ట్రేషన్ ఏమైపోవాలె?" అంది.

నిజంగా నాకు తెలీదు ఫ్రెండ్స్. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014లో డెంటిస్టుల కోసం సవరించిన ప్రవర్తనా నియమావళి తెచ్చింది. ప్రకటనలిచ్చి పేషెంట్లని రాబట్టుకోవడం ఆ నియమాలకి విరుద్ధం. గూగుల్ రూల్స్‌లో కూడా బహుమతి ఇచ్చి రివ్యూ తీసుకోకూడదని ఉంది. నేను మొబైల్ షాప్‌కి చేసినట్టే డాక్టర్‌కి చేశా. తప్పు నాది, పేరు మాత్రం అక్కది పోతుంది.

ఇక "మచ్చలు మాయం" పోస్టర్. మాది పాత నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితే ఎనామిల్ మీద తెల్ల, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. అది మురికి కాదు, బ్రష్ చేయకపోవడం కాదు. క్లీనింగ్‌తో పోదు. మచ్చ ఎంత లోతుగా ఉందో చూసి బ్లీచింగా, పైపొర కొంచెం అరగదీయడమా, కాంపోజిట్ లేదా వెనీర్ వేయడమా అని డాక్టర్ చెప్పాలి. నా పోస్టర్ చూసి ఒక అమ్మాయి వాళ్ళమ్మతో వచ్చింది, వచ్చే నెల పెళ్ళి. క్లీనింగ్ అయ్యాక అద్దంలో చూసుకుని ఏమీ మాట్లాడలేదట. ఆ మాట అక్క చెప్పినప్పుడు నాకు చాలా సిగ్గేసింది. యాడ్స్ అన్నీ ఆ రాత్రే ఆపేశా.

ఇప్పుడు అసలు విషయం. నాలుగు రోజుల తర్వాత ఒక పెద్దాయన వచ్చారు. రైస్ మిల్లులో హమాలీ. దవడ వాచిపోయి ఉంది. అక్క ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది. అయిదు నెలల క్రితం రూట్ కెనాల్ మొదలుపెట్టింది, ఆయన మళ్ళీ రాలేదు.

రూట్ కెనాల్‌లో ఏం చేస్తారంటే, మొదటి సిట్టింగ్‌లో లోపల పాడైన నరం తీసేసి, క్లీన్ చేసి, మందు పెట్టి, పైన తాత్కాలిక ఫిల్లింగ్ వేస్తారు. నొప్పి పోతుంది. పని మాత్రం అయిపోలేదు. ఇంకా లోపల కెనాల్స్ పూర్తిగా నింపాలి, పైన గట్టి ఫిల్లింగ్, చాలాసార్లు క్యాప్ కూడా వేయాలి. తాత్కాలిక ఫిల్లింగ్ కొన్ని వారాలకే అరిగిపోతుంది. మళ్ళీ లోపలికి బ్యాక్టీరియా చేరుతుంది. ఆయన పన్ను చిగురు కింది దాకా చీలిపోయింది. తీసేయడం తప్ప దారి లేదు.

ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. "నొప్పి పోయింది గద బిడ్డా, అయిపోయిందనుకున్న. ఒక్క ఫోన్ చేసి పిలిస్తే వద్దును."

ఒక్క ఫోన్. నేను ముక్కూ మొహం తెలీని వేలమందికి యాడ్ చూపించడానికి డబ్బులు కట్టా. ఈయన నంబర్ మా రిజిస్టర్‌లోనే ఉంది.

ఆ రాత్రి నేను, రిసెప్షన్ అమ్మాయి కూర్చుని రిజిస్టర్ తిరగేశాం. రూట్ కెనాల్ మధ్యలో ఆగినవాళ్ళు, క్యాప్ వేయించుకోని వాళ్ళు, పిల్లల్ని మళ్ళీ తీసుకురాని వాళ్ళు. పేర్లు రాస్తే నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు నిండాయి. చిల్లు కుండలో నీళ్ళు పోయడం అంటే ఇదే. పోసేది నేనే, చిల్లు చూడనిది కూడా నేనే.

సరే, తర్వాత ఏం చేశామో వరసగా చెప్తా.

మొదటిది, ఒక మామూలు షీట్. సాఫ్ట్‌వేర్ ఏమీ కొనలేదు. పేరు, ఫోన్, పన్ను నంబర్, ఏం అయింది, ఏం మిగిలింది, మళ్ళీ ఎప్పుడు రావాలి. అంతే. పన్ను నంబర్ అంటే డెంటిస్టులు రెండంకెల్లో రాస్తారు, 36 అంటే కింద ఎడమవైపు మొదటి దవడ పన్ను. రోజూ పొద్దున అమ్మాయి ఆ రోజు పేర్లకి ఫోన్ చేస్తుంది. మెసేజ్ కాదు, ఫోన్. మెసేజ్ పంపినా "మీ అపాయింట్‌మెంట్ రేపు" అని మాత్రమే. ట్రీట్‌మెంట్ పేరు రాయం. చాలా ఇళ్ళలో ఒక ఫోన్ నలుగురు చూస్తారు కదా.

రెండోది, మొదటి రోజే పూర్తి లెక్క. ఎన్నిసార్లు రావాలి, మొత్తం ఎంత అవుతుంది, మధ్యలో ఆపితే ఏమవుతుంది అనేది తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇస్తాం. క్యాప్ ఖర్చు చివర్లో చెప్తే మోసం చేశారనుకుంటారు, అందులో తప్పు లేదు. కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్ళకి, కేసు అనుకూలంగా ఉంటే, ఒకే సిట్టింగ్‌లో చేయడానికి అక్క పొద్దున పెద్ద స్లాట్ పెట్టింది.

మూడోది, గూగుల్ మ్యాప్స్. చూస్తే లొకేషన్ పిన్ పక్క వీధిలో ఉంది! అది సరిచేశాం. టైమింగ్స్, ఫోన్ నంబర్, లోపలి ఫోటోలు, పేరు తెలుగులో. రివ్యూ అడుగుతాం, కానీ అందరినీ అడుగుతాం, బహుమతి లేదు. ఎవరైనా తిట్టినా జవాబులో వాళ్ళ ట్రీట్‌మెంట్ గురించి ఒక్క ముక్క రాయం. "దయచేసి క్లినిక్‌కి ఫోన్ చేయండి" అంతే.

నాలుగోది, కొత్త సర్వీసులు. నేను మొదట పెద్ద స్కానింగ్ మెషిన్ లోన్ మీద కొందామన్నా. అక్క ఏమందంటే, "మనం ఎవరెవర్ని హైదరాబాద్ పంపిస్తున్నమో ముందు లెక్క రాయి" అంది. రెండు నెలలు రాశాం. ఎక్కువమంది క్లిప్పుల కోసం వెళ్తున్నారు, తర్వాత అడ్డంగా ఉన్న జ్ఞానదంతం తీయించుకోవడానికి. క్లిప్పులంటే సుమారు నెలకోసారి, ఏడాదిన్నర, రెండేళ్ళు తిరగాలి. ఒకవైపే దాదాపు 150 కిలోమీటర్లు. కాలేజీ పిల్లలకి ఎంత కష్టం!

అందుకే మెషిన్ కొనలేదు. ఎండీఎస్ చేసిన ఆర్థోడాంటిస్ట్‌ని నెలలో రెండు ఆదివారాలు రమ్మన్నాం. ఓరల్ సర్జన్ ఒక రోజు వస్తారు. వచ్చేవాళ్ళ పేరు, డిగ్రీ బోర్డు మీద పెట్టాం. తర్వాతి వారం ఏదైనా తేడా వస్తే ఎవరు చూస్తారో కూడా ముందే మాట్లాడుకున్నాం. ఎందుకంటే క్లిప్ తీగ గుచ్చుకుంటే అది ఆదివారం దాకా ఆగదు.

మేం కొన్నది రెండే. ఇంకో రెండు సెట్ల హ్యాండ్‌పీస్‌లు, ఎక్స్‌రే వెంటనే స్క్రీన్ మీద కనిపించే ఆర్‌వీజీ సెన్సర్. గుర్తుపెట్టుకోండి, డెంటల్ ఎక్స్‌రే మెషిన్ చిన్నదైనా అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ దగ్గర రిజిస్టర్ చేయాలి. తన పన్ను లోపల ఏముందో స్క్రీన్ మీద చూసిన మనిషికి నేను ఏ పోస్టరూ చూపించక్కర్లేదు.

అయిదోది, వీడియోలు. ఇందులో ఆఫర్లు లేవు, "మేమే బెస్ట్" అనడం లేదు, పేషెంట్ల మొహాలు లేవు. క్లినిక్‌లో రోజూ అడిగే ప్రశ్నలకి జవాబులే. పై పన్ను పీకితే చూపు పోతుందా? పోదు. క్లీనింగ్ చేస్తే పళ్ళు వదులవుతాయా? అవ్వవు. చిగురు జబ్బుతో అప్పటికే వదులైన పన్నుని గార పట్టి ఉంచుతుంది, అది తీసేసరికి కదలడం తెలుస్తుంది. గుట్కా నమిలేవాళ్ళకి నోరు పూర్తిగా తెరుచుకోకపోతే వెంటనే ఎందుకు చూపించుకోవాలి? ఇలాంటివి. రికార్డ్ చేసేది నేను, పోస్ట్ చేసే ముందు ప్రతి మాటా చూసేది అక్క.

రిజల్ట్ ఏంటి అంటారా? మెట్ల మీద క్యూ లేదు. శనివారం సాయంత్రం అందరూ ఎనిమిదింటికి ఇంటికెళ్తారు. కానీ ఆ నాలుగు పేజీల్లో చాలా పేర్లకి టిక్ పడింది. కొందరు ఫోన్ ఎత్తలేదు, కొందరు వేరే చోట చేయించుకున్నారు, కొందరి పళ్ళు అప్పటికే పోయాయి. వచ్చినవాళ్ళు ఇంట్లోవాళ్ళని తీసుకొచ్చారు. ఆ హమాలీ పెద్దాయన తన కోడల్ని పంపించారు. పన్ను పోగొట్టుకున్న మనిషి మనల్ని నమ్మి ఇంకొకర్ని పంపారంటే, అంతకన్నా పెద్ద రివ్యూ నాకు తెలీదు.

కాబట్టి క్లినిక్ పెట్టే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, వాళ్ళకి హెల్ప్ చేసే నాలాంటి ఇంజనీర్లు, యాడ్ బటన్ నొక్కే ముందు మీ పాత రిజిస్టర్ ఒక్కసారి తెరవండి.

ఇక క్లినిక్‌తో సంబంధం లేని మీ అందరికీ ఒక్క మాట. మీకు గానీ, అమ్మానాన్నలకి గానీ సగంలో ఆపేసిన రూట్ కెనాల్ ఉందా? నొప్పి లేదు కదా అని వదిలేశారా? ఈ వీడియో అయిపోగానే మీ డెంటిస్ట్‌కి ఫోన్ చేయండి. వాళ్ళు చేసేదాకా ఆగకండి.

మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. ఉంటాను, బై!