ఒక వస్తువు కరెంటు, ఒక ఇంటి ఇన్సాఫ్
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు నేను కరెంటు బిల్లు గురించి రెండు మాటలు మనవి చేస్తాను. ఇది చిన్న విషయం అనుకోకండి. మన మలక్‌పేట గల్లీలలో ఒకే మీటరు మీద రెండు, మూడు కుటుంబాలు ఉండే ఇళ్ళు ఉన్నాయి. నెలాఖరుకు బిల్లు వస్తుంది, దానితో పాటు తగాదా కూడా వస్తుంది.

నేనెరిగిన ఒక ఇంట్లో బిల్లు 236 యూనిట్లు వచ్చింది. పైవాటా ఆమె, "ఆపా, మీ ఫ్రిజ్ రాత్రీ పగలూ నడుస్తది, సగం కరెంటు అదే తింటది" అన్నది. కిందివాటా ఆమెకు కోపం వచ్చింది. పదేళ్ళ పొరుగు, వారం రోజులు సలాం కూడా లేదు. చివరకు నన్ను పిలిచినారు. నేను, "మాటలతో కాదు, కొలిచి చూద్దాం" అన్నాను.

వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిటు. వెనకటి మీటర్లలో అల్యూమినియం చక్రం తిరిగేది. ఇప్పటి మీటరులో చిన్న ఎర్ర దీపం మెరుస్తుంది. యూనిటుకు ఎన్ని మెరుపులో మీటరు ముఖం మీదనే రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద 3200 అని ఉంటుంది. ఇంట్లో అన్నీ ఆపి, ఒక్క వస్తువునే నడిపి, నిమిషానికి మెరుపులు లెక్కపెట్టండి. 75 వాట్ల ఫ్యానుకు నాలుగు మెరుపులు, వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెకు సుమారు 53 వస్తాయి.

ఫ్రిజ్‌కు మాత్రం ఈ లెక్క చాలదు. అది కాసేపు నడుస్తుంది, కాసేపు ఆగుతుంది. అందుకని ప్లగ్గులో పెట్టే చిన్న మీటరు తెచ్చి మూడు రోజులు ఉంచినాము. 3.9 యూనిట్లు వచ్చింది. అంటే రోజుకు 1.3, నెలకు 39. సగం ఎక్కడ, 39 ఎక్కడ!

మరి మిగతాది ఎక్కడ పోతున్నది? రాత్రి అన్నీ ఆపి నీళ్ళ మోటారు ఒక్కటే వేసినాము. నిమిషానికి 53 మెరుపులు, గంటకు ఒక యూనిటు. రోజుకు రెండు గంటలు వేస్తున్నారు, నెలకు 60 యూనిట్లు. ఇంత ఎందుకంటే, ట్యాంకు కింద పైపు జాయింటు కారి నీళ్ళు మోరీలోకి పోతున్నాయి. తప్పు ఫ్రిజ్‌దీ కాదు, ఆపాదీ కాదు. జాయింటు బాగు చేసిన తర్వాత మోటారు అరగంట చాలింది. నెలకు 45 యూనిట్లు తగ్గి, బిల్లు 200 లోపు వచ్చింది.

ఈ 200 గీత ముఖ్యమైనది. గృహజ్యోతి పథకం కింద 2024 నుండి అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. ఒక్క యూనిటు దాటినా ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. పథకం లేనివారికి కూడా 200 దాటితే మొదటి యూనిటు నుండే ధర మారుతుంది.

పంచుకోవడం ఎట్లా? బిల్లు సొమ్మును మొత్తం యూనిట్లతో భాగిస్తే యూనిటు ధర తెలుస్తుంది. ఎవరి ప్రత్యేక వస్తువు యూనిట్లు వారివి, మిగిలినవి సమానంగా. ఎప్పుడూ కలిసి ఉండేవారు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో వాటాకొక సబ్‌మీటరు పెట్టించుకోవడం మేలు. కంపెనీ మీటరు సీలును మాత్రం ఎవ్వరూ ముట్టుకోరాదు.

ఖురాన్ షరీఫ్‌లో 83వ సూరా పేరే అల్ ముతఫ్ఫిఫీన్, అంటే కొలతలో తగ్గించేవారు. ఆ హెచ్చరిక తక్కెడ పట్టిన దుకాణదారుకే అనుకుంటాము. కిరాయిదారు దగ్గర అందాజాగా ఎక్కువ తీసుకున్నా, పొరుగువారి మీద కొలవకుండా నింద వేసినా, అది కూడా తూనికలో తేడాయే గదా!

ఆ రెండు కుటుంబాలూ మొన్న ఈద్‌కు ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నాయి. షీర్‌ఖుర్మాకు పాలు ఆ ఫ్రిజ్‌లోంచే తీసినారు.