మల్లెతోటలో ఒక ఉదయము

కొనేవారికి మల్లెపూవు సాయంకాలపు వస్తువు. పండించేవారికి అది తెల్లవారుజాము వస్తువు. ఈ రెండింటి నడుమ ఉన్న వ్యవధి పన్నెండు పదమూడు గంటలు మాత్రమే. కోత, తూకము, రవాణా, బేరము, దండ గ్రుచ్చుట, వీధిలో అమ్ముట, ఇవన్నీ ఆ వ్యవధిలోనే జరిగిపోవలెను. ధాన్యము గాదెలో ఆగుతుంది. మిరపకాయ గిడ్డంగిలో ఆగుతుంది. మల్లెమొగ్గ మాత్రము ఎవరికోసమూ ఆగదు. పొద్దు వాలగానే విచ్చుకొంటుంది. మరునాటికి వాడి గోధుమవన్నెకు తిరుగుతుంది. బెజవాడ వీధిలో మూర ఇంత అని బేరమాడి, ఆకులో చుట్టి ఇచ్చినది చేతబట్టుకొని ఇంటికి పోయే మనకు ఈ తొందర సంగతి బొత్తిగా తెలియదు.

పూలతోటకు స్వయముగా వెళ్ళి, కావలసిన పూలు తామే కోసికొని వెల ఇచ్చి వచ్చే పద్ధతి పాశ్చాత్య దేశములలో ఉన్నది. జర్మనీలోను, స్విట్జర్లండులోను రహదారి ప్రక్కనే పొద్దుతిరుగుడు, డాలియా, గ్లాడియోలస్ పూల మళ్ళు ఉంటవి. కాపలా మనిషి ఉండడు. కోసికొనుటకు ఒక కత్తి, ప్రక్కనే డబ్బు వేయుటకు ఒక పెట్టె, ఏ పూవు వెల ఎంతో వ్రాసిన పలక, ఇంతే సరంజామా. కోసినవారు లెక్క చూచుకొని పెట్టెలో వేసి పోతారు. అమెరికాలో కుటుంబములు నడుపుకొనే చిన్న తోటలు కొన్నింటిలో, వచ్చినవారి చేతికి ఒక గాజు సీసా ఇచ్చి, అది నిండినంతవరకు కోసికొనుడని అంటారు. వారికి కావలసినది పొడవైన కాడతో కూడిన పూలగుత్తి. నీళ్ళలో నిలిపి బల్లమీద పెట్టుకొని చూచుకొంటారు. మనకు కావలసినది కాడలేని మొగ్గ. అది జడలో విచ్చవలెను, లేదా దేవుని మెడలో విచ్చవలెను. కత్తి అక్కరలేదు. బొటనవ్రేలి గోరు చాలును.

మైలవరము ప్రాంతములో ఒక చిన్నకారు రైతు కుటుంబము తమ మల్లెతోటలో కొన్ని సాళ్ళను ఆదివారపు ఉదయములందు సందర్శకులకు విడుచుచున్నదని వినగానే, మేము సకుటుంబముగా బయలుదేరినాము. విజయవాడనుండి ఇబ్రహీంపట్నము, జి. కొండూరుల మీదుగా మైలవరము నలభై కిలోమీటర్ల లోపే. ఇంకా వెలుగు రాకముందే తోట గట్టు చేరినాము. దారి పొడుగునా మామిడితోటలు. వాటి నడుమ అక్కడక్కడ మోకాలెత్తు మల్లెపొదలు. కూలి ఆడవారు అప్పటికే నడుమున గుడ్డ సంచి కట్టుకొని సాళ్ళలో దిగి ఉన్నారు. వారి చేతులు పొదలో ఆడుచున్నవి గాని, చూపు మాత్రము తరువాతి కొమ్మమీద ఉన్నది.

ఆ తోటకు యజమాని కుమారుడే అయినను, అధికారము తల్లిగారిది. మా పిల్లలు పొదమీద చెయ్యి వేయకమునుపే ఆమె వచ్చి నిలుచున్నది.

"మొగ్గ తెల్లబడాలి, లావెక్కాలి, మొన మాత్రం విచ్చకూడదు. పచ్చగా ఉన్నదాన్ని ముట్టుకోమాకమ్మా, అది రేపటిది. ఆ పక్కది ఎల్లుండిది" అన్నది ఆమె మా అమ్మాయితో.

ఆ మాటలో మల్లె వ్యవసాయము సగము ఉన్నది. మల్లె కొమ్మ కొనను సాధారణముగా మూడేసి మొగ్గలు ఒక గుత్తిగా పుడతవి. నడిమిది ముందు ముదురుతుంది. ఇరుప్రక్కలవి దాని తరువాత. తొందరపడి గుత్తినంతా త్రుంచినవాడు నేటి మొగ్గతోబాటు రాబోవు రెండు మొగ్గలను కూడ పారవేసినట్లే. ఇంకను ఒక విషయము: మల్లె పూయునది క్రొత్త చిగురుమీదనే. అందుచేతనే చలికాలములో చెట్టుకు నీరు ఆపివేసి, ఎండగట్టి, ఆకు రాలిన తరువాత కొమ్మలు కత్తిరిస్తారు. కొందరు ఆకు రాల్చుటకు గొర్రెలను కూడ తోలుతారు. పిమ్మట పాదులు త్రవ్వి, పశువుల ఎరువు వేసి, నీరు పెట్టగానే చిగురులు పొటమరిస్తవి; వాటి కొనలందు మొగ్గ కనబడుతుంది. కత్తిరింపు చేయని మల్లె, ఆకు చూచుకొని మురియుటకే గాని పూవుకు పనికిరాదు. ఇంటి పెరటిలో ఒక మల్లెపొదను పెంచుచు, అది ఏల పూయదని చింతించేవారు ఈ సంగతి గమనించవలెను.

మేము నలుగురము రెండు గంటలపాటు కోసినాము. కిలోకు కొంచెము పైబడినది. మల్లెమొగ్గలు కిలోకు సుమారు 4,000 తూగుతవి; జాజులైతే 10,000 వరకు కావలెను. అనగా ఒక కిలో మల్లెలు ఒక మనిషి గోటి క్రింద నాలుగు వేల పర్యాయములు తెగినవన్నమాట. మా ప్రక్క సాలులో ఒక్క ఆడకూతురు, మా నలుగురి కోతకు మించిన కోత కోసి, ఇంకొక తోటలో రెండవ విడతకు వెళ్ళుటకు సిద్ధపడుచున్నది.

మధ్య మధ్య కొన్ని మొగ్గలు ఊదావన్నెకు తిరిగి, అడుగు ఉబ్బి కనబడినవి. పిల్లలు అవి క్రొత్త రకము పూలేమో అనుకొన్నారు. అది పురుగు చేసిన పని. మొగ్గలోపల దూరి తినే పురుగు ఒకటి, అడుగును ఉబ్బించే చిన్న ఈగ జాతి మరొకటి, ఈ రెండును మల్లెరైతుకు శత్రువులు. వాటికి మందు చల్లక తప్పదు. కాని ఆదివారము సందర్శకులకు విడిచే సాళ్ళకు ఆ వారమంతా మందు కొట్టరట. జడలో పెట్టుకొనేది, పసిపిల్లల చేతికి అందేది కదా అని పెద్దమ్మగారు పట్టుబట్టి ఈ కట్టడి చేసినది.

కుమారునితో గట్టుమీద కూర్చుండి లెక్కలు మాటలాడినాము. ఏప్రిల్, మే నెలలలో పూత ముమ్మరముగా వస్తుంది. అందరి తోటలలోను ఒక్కసారే వస్తుంది. కనుక ధర అప్పుడే పడిపోతుంది. పెండ్లిండ్లు ఉంటే కొంత నిలబడుతుంది. మౌఢ్యము వచ్చినదా, ముహూర్తములు లేక పూలబజారు వెలవెలబోతుంది. శుక్రుడు అస్తమించినందుకు జ్యోతిష్కులకంటె మల్లెరైతుకే ఎక్కువ దిగులు. ధర ఎంత పడినను కోతకూలి పడదు, పడకూడదు కూడ. కొన్ని రోజులలో వచ్చిన రూపాయిలో సగము కోతకే పోతుందని అతడు చెప్పినాడు. మిగిలినదానిలో రవాణా, కమీషను.

2020 సంవత్సరము మార్చి 25న దేశమంతా మూతబడినప్పుడు మల్లె పూత అందుకొనుచున్నది. గుడులు మూసినారు, పెండ్లిండ్లు ఆగినవి, బండ్లు కదలలేదు. "మొగ్గకి ఆ సంగతి తెలియదు కదండీ. పొద్దుటికల్లా తోటంతా తెల్లగా విచ్చి ఉండేది. వాసనకి తలనొప్పి వచ్చేది. చెట్టుమీద వదిలేస్తే పురుగు నిలుస్తుందని మేమే కోసి గట్టున పారబోశాం" అన్నాడు. ఆ ఋతువులో ఊరిలోని బంధువులు ఇద్దరు ముగ్గురు, ఊరకనే పోవుచున్నవి కదా అని వచ్చి తమ ఇంటికి కావలసినన్ని కోసికొనిపోయినారట. వద్దన్నను వినక చేతిలో ఎంతో కొంత పెట్టిపోయినారట. ఆదివారపు ఏర్పాటుకు బీజము అక్కడ పడినది.

తల్లిగారు మొదట ఒప్పుకొనలేదు. పట్టణమునుండి వచ్చినవారు చిగుళ్ళు విరుస్తారని ఆమె భయము. అది అకారణమైన భయము కాదు. చివరకు బావివైపున ఉన్న ఆరు సాళ్ళు మాత్రము విడుచుటకు, ఆ సాళ్ళను వచ్చినవారు పోయిన తరువాత ఆమె స్వయముగా వెదకుటకు ఒడంబడిక జరిగినది. సందర్శకులు ఇచ్చే వెల, బజారులో వీధి అమ్మకపు ధరకంటె తక్కువ. రైతుకు టోకున వచ్చేదానికంటె ఎక్కువ. కూలి, కమీషను, బండి బాడుగ లేవు. వినుటకు బాగున్నది. కాని మా అభిప్రాయమును దాచవలసిన పని లేదు: మూడు నెలల పూతలో పన్నెండు పదమూడు ఆదివారములు, వచ్చునది నాలుగైదు కుటుంబములు, దీనితో తోట నిలుస్తుందని చెప్పజాలము. ఆ ఇంటివారు కూడ అట్లు అనుకొనుటలేదు.

తోట వేసి పన్నెండేండ్లు గడచినవి. మల్లె పది పదిహేనేండ్లకు ముదిరిపోతుంది, పూత తగ్గుతుంది. రాబోవు వానకాలములో పాత పొదలు త్రవ్వివేసి క్రొత్త అంట్లు నాటవలెను, లేదా చుట్టుప్రక్కల వారివలె మామిడి పెట్టవలెను. ఉత్తరపు గట్టు అవతల పొలములో అప్పుడే తెల్లసున్నము కొట్టిన సరిహద్దు రాళ్ళు కూడ కనబడినవి. అది మూడవ మార్గము. కుమారునికి మామిడిమీద మనసు. మామిడికి ప్రతిదినము తెల్లవారుజామున లేవనక్కరలేదు. పూతమీదనే తోట గుత్తకు ఇచ్చివేయవచ్చును.

కోడలి మాట వేరు. ఆమె అంతవరకు మాటలాడక, తక్కెడ దగ్గర కూర్చుండి తడిగుడ్డలు పిండుచున్నది. "మామిడి డబ్బు ఏడాదికోసారి వస్తదండి. అది ఈయన చేతికొస్తది, అప్పులకి పోతది. మల్లె డబ్బు రోజూ వస్తది. పిల్లల ఫీజు, ఉప్పూ పప్పూ, అత్తయ్యగారి మాత్రలు, అన్నీ ఇందులోంచే" అన్నది. ఎకరము లోపు భూమిలో ఏ పంట వేయవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఎన్నో లెక్కలు వేస్తారు గాని, వచ్చిన పైకము ఇంటిలో ఎవరి చేతిలో పడుతుందో అనే లెక్క వాటిలో కనబడుట అరుదు.

కోసిన మొగ్గలను ఇంటికి చేర్చుకొనుటలోను ఒక పద్ధతి ఉన్నది. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టరాదు. చెమర్చి మచ్చ పడతవి. వెదురు బుట్టలో తడిపి పిండిన పలుచని గుడ్డ పరచి, మొగ్గలు పోసి, అదే గుడ్డ అంచులు పైన కప్పవలెను. దండ మధ్యాహ్నము లోపల కట్టుకొనవలెను. మొగ్గ విచ్చనారంభించిన తరువాత కట్టితే రేకు నలుగుతుంది. అరటినార దొరికితే దారముకంటె మేలు. కోసిన తరువాత కూడ మొగ్గ తన వేళకు తాను విచ్చి, అప్పుడే పరిమళము విడుచుట మల్లెకు గల గొప్ప గుణము. చైనాదేశములో మల్లెల తేయాకు తయారుచేసేవారు దీనినే ఆధారము చేసికొని, పగలు కోసిన మొగ్గలను రాత్రి ఆకుతో కలిపి ఉంచుతారు. మొగ్గలు విచ్చుచుండగా ఆ వాసనను ఆకు పీల్చుకొంటుంది.

పోదలచినవారు మార్చి నడిమినుండి జూను మొదటివరకు పోవచ్చును. ఎండ ఎక్కిన తరువాత పోయి ప్రయోజనము లేదు. చంటిపిల్లలను తీసికొనిపోయినప్పుడు కందిరీగలను చూచుకొనవలెను.

తూకము వేయించుకొని లేచునప్పుడు, క్రొత్త అంట్లకు ఎవరికైనా బయానా ఇచ్చినారా అని అడిగినాము. కుమారుడు తల్లివైపు చూచినాడు. తల్లి కోడలివైపు చూచినది. కోడలు తక్కెడలోని మొగ్గలను మా బుట్టలోనికి వంచుచు, ఇంకొక దోసెడు పైన వేసి, "సగానికి ఇచ్చామండి" అన్నది.